గేటెత్తితే చెరువంతా పోదు

"అన్నా, జీతం 57 వేల నుంచి 58 వేల డాలర్లకు పెంచుతమంటున్నరు. తీస్కుంటే మీది పన్ను శ్లాబుల పడ్తనట. వద్దని చెప్పాల్నా?"

కెనడాలోని బ్రాంప్టన్ నుంచి మా ఊరి పిల్లవాడి ఫోన్. మాది హిమాయత్ సాగర్ కట్ట దగ్గరి ఊరు కాబట్టి చెరువుతోనే చెప్పాను. "మన సాగర్ నిండితే 1763.5 అడుగులు. నీళ్ళు ఆ మట్టం దాకా వస్తే గేట్లు ఎత్తుతరు. ఎత్తితే పొయ్యేది మీద చేరిన నీళ్ళే గాని చెరువంతా గాదు గదా?"

కెనడా శ్లాబులూ అంతే. 2025లో కేంద్రం లెక్క ప్రకారం మొదటి 57,375 డాలర్లకు 14.5 శాతం, ఆ పైన 1,14,750 వరకు 20.5 శాతం. పెరిగిన వెయ్యిలో 375 పాత రేటులోనే ఉంటాయి, 625 మాత్రమే పై రేటులోకి వెళ్తాయి. కేంద్రానికి అదనంగా కట్టేది సుమారు 182 డాలర్లు, బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రానికి మరో 91. పెన్షన్, ఉద్యోగ బీమా కోతలు కాస్త ఉన్నా, పెరిగిన వెయ్యిలో ఎక్కువ భాగం జేబులోకే వస్తుంది. పెంచుతామంటే వద్దనకండి.

ఆ 14.5 అనే వింత అంకె ఎలా వచ్చిందంటే, 2025 జూలై 1న మొదటి రేటును 15 నుంచి 14కి తగ్గించారు. సగం ఏడాది అది, సగం ఏడాది ఇది. 2026 నుంచి పూర్తిగా 14 శాతమే. శ్లాబుల హద్దులు కూడా ధరల పెరుగుదలను బట్టి ఏటా జరుగుతుంటాయి కనుక, నిరుడు ఎవరో పంపిన పట్టికను నమ్ముకుని కూర్చోవద్దు.

మన వాళ్ళకు అసలు తికమక రెండో పన్ను దగ్గర. ఇండియాలో ఆదాయపు పన్ను ఢిల్లీది. తెలంగాణ ప్రభుత్వం మన జీతంలోంచి నేరుగా తీసుకునేదల్లా వృత్తి పన్ను, నెలకు 20 వేలు దాటిన జీతంపై 200 రూపాయలు. రాజ్యాంగమే దాన్ని ఏడాదికి 2,500కు మించనివ్వదు. కెనడాలో రాష్ట్రానికి, అంటే ప్రావిన్స్‌కు, సొంత శ్లాబులు, సొంత మినహాయింపులు ఉంటాయి. ఒకే జీతం మీద రెండు లెక్కలు విడివిడిగా వేస్తారు. రిటర్న్ మాత్రం ఒక్కటే. మూసీ, ఈసీ వేర్వేరుగా వచ్చి లంగర్‌హౌజ్ దగ్గర కలిసి ఒకే నదిగా పట్నంలోకి పోయినట్టు, రెండు పన్నులూ కెనడా రెవెన్యూ ఏజెన్సీకే చేరతాయి. క్యుబెక్ ఒక్కటే తన రిటర్న్ తానే వేరుగా తీసుకుంటుంది.

ఏ ప్రావిన్స్ రేటు వర్తిస్తుందో డిసెంబర్ 31న మీరు ఎక్కడ నివసిస్తున్నారన్నదే తేలుస్తుంది. పదకొండు నెలలు టొరంటోలో పనిచేసి డిసెంబర్‌లో కాల్గరీకి మకాం మారిస్తే ఏడాది మొత్తానికీ అల్బెర్టా పన్నే. మొదటి రేటు చూసి మోసపోకండి. ఒంటారియోది 5.05 శాతం, అల్బెర్టాది 2025లో 8 శాతం. కానీ ఆ ఏడాది అల్బెర్టాలో మొదటి 22,323 డాలర్లకు పన్ను లేదు, ఒంటారియోలో అది 12,747 మాత్రమే. అరవై వేల జీతం మీద అల్బెర్టా పన్ను సుమారు 3,014 డాలర్లు. ఒంటారియోది 2,678, దానికి తోడు 600 ఆరోగ్య ప్రీమియం. రేటు ఎక్కువున్న చోటే పన్ను తక్కువైంది.

ఆ పన్ను లేని మొత్తాన్ని క్రెడిట్‌గా ఇస్తారు కనుక ఇక్కడే క్రెడిట్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. మన ఆదాయపు పన్నులోని 80సీ మినహాయింపు ఆదాయంలోంచి తీసేసేది. క్రెడిట్ పన్నులోంచి తీసేసేది. కేంద్రం ఇచ్చే కనీస మొత్తం 2025లో 16,129 డాలర్లు. దాని మీద 14.5 శాతం, అంటే దాదాపు 2,339 డాలర్లు, మీ పన్నులో తగ్గుతాయి. పన్ను అంతకంటే తక్కువ పడితే మిగిలింది చేతికివ్వరు. ఏడాది మధ్యలో దిగినవాళ్ళకు ఇందులో ఒక మెలిక ఉంది. దిగకముందు ఆ ఏడాది ఇండియాలో జీతం తీసుకుని ఉంటే, ఈ మొత్తాన్ని కెనడాలో ఉన్న రోజుల మేరకే లెక్కిస్తారు. దిగకముందు ఆ ఏడాది అసలు ఆదాయమే లేని విద్యార్థికైతే మొత్తం దక్కుతుంది.

రెండు చోట్ల పార్ట్‌టైమ్ చేసే పిల్లలు తరచూ ఇరుక్కునేది టీడీ1 ఫారంతో. పనిలో చేరిన రోజు కేంద్రానికొకటి, ప్రావిన్స్‌కొకటి నింపిస్తారు. రెండు షాపుల్లోనూ కనీస మొత్తం క్లెయిమ్ చేస్తే రెండు చోట్లా పన్ను తక్కువ కోస్తారు. ఏప్రిల్‌లో ఆ బాకీ ఒక్కసారిగా మీద పడుతుంది. రెండో చోట సున్నా రాయండి.

ఆదాయం లేదు కదా, రిటర్న్ ఎందుకనేవాళ్ళకు ఒకే మాట: వేయండి. గడువు ఏప్రిల్ 30. కట్టిన ఫీజుకు కాలేజీ ఇచ్చే టీ2202 స్లిప్‌తో ఫీజు క్రెడిట్‌ను నమోదు చేస్తే, ఉద్యోగం వచ్చాక ఎన్నేళ్ళకైనా వాడుకోవచ్చు. ఇది కేంద్రం లెక్కలోనే. ఒంటారియో తన ఫీజు క్రెడిట్‌ను 2017లోనే ఎత్తేసింది. తక్కువ ఆదాయం వాళ్ళకు మూడు నెలలకోసారి వచ్చే జీఎస్టీ క్రెడిట్ కూడా రిటర్న్ చూసే ఇస్తారు. మొదటి ఏడాది దానికి ఆర్‌సీ151 ఫారం వేరుగా పంపాలి. అల్పాదాయం ఉన్నవాళ్ళకు ఉచితంగా రిటర్న్ వేసిపెట్టే స్వచ్ఛంద శిబిరాలు మార్చి, ఏప్రిల్‌లలో నడుస్తాయి. కన్సల్టెంట్‌కు వంద డాలర్లు పొయ్యకముందు అక్కడికి వెళ్ళండి.

ఇక భూమి సంగతి. మా వైపు నుంచి వెళ్ళే ప్రతి ఇంటికీ ఇది తగులుతుంది. నివాసి అయిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా కెనడాకు చెప్పాలి. శంషాబాద్‌లో ఇంటి అద్దె వస్తుంటే ఇండియాలో కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ దొరుకుతుంది. వ్యవసాయ ఆదాయం ఇండియాలో పన్ను లేనిది. కెనడాకు ఆ మినహాయింపు తెలియదు. ఇక్కడ కట్టింది ఏమీ లేదు గనుక అక్కడ క్రెడిట్ కూడా ఉండదు. మీ పేరున ఉన్న పొలం కౌలు మీద కూడా ఇదే లెక్క.

భూమి అమ్మినప్పుడు వచ్చే లాభంలో సగం మీద కెనడా పన్ను వేస్తుంది. ఆ లాభాన్ని తాత కొన్న ధర నుంచి లెక్కించరు. మీరు నివాసి అయిన రోజున ఆ భూమికి ఉన్న మార్కెట్ విలువనే మీ కొనుగోలు ధర అంటారు. 1996 నాటి ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111తో మా సాగర్ లాంటి చెరువుల ఎగువన 84 ఊళ్ళలో నిర్మాణాలపై ఆంక్షలు పడ్డాయి. 2022లో ఆ ఆంక్షలు తొలగిస్తూ జీవో 69 వచ్చింది. ఇలాంటి చోట ఒక జీవోతో ధర మారిపోతుంది. ఫలానా తేదీన ఎకరం ఎంత పలికిందో పదేళ్ళ తర్వాత నిరూపించడం తలనొప్పి. కాబట్టి విమానం ఎక్కకముందే రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో రిపోర్టు రాయించి, ఒక కాపీ అమ్మ దగ్గర, ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి. పెట్టుబడిగా ఉంచుకున్న విదేశీ ఆస్తి లక్ష డాలర్లు, అంటే అరవై లక్షల రూపాయల పైచిలుకు, దాటితే రెండో ఏడాది నుంచి టీ1135 ఫారం కూడా వేయాలి. అప్పుడు వాళ్ళు అడిగేదీ ఆ రిపోర్టులోని అంకెనే.