డాల్ఫిన్ చేప కాదు

మన రుద్రవరం పక్కన నల్లమల ఉంది గానీ సముద్రం లేదు. డాల్ఫిన్‌ను మనం బొమ్మల్లోనే చూస్తాం. ఈత రెక్కలు, తోక చూసి చేప అంటాం. కానీ అది ఆవు, మేక, మనిషి లాగా క్షీరదం. పిల్లను కని పాలిస్తుంది.

ఊపిరి: చేప మొప్పలతో నీళ్లలోని ఆక్సిజన్ తీసుకుంటుంది. డాల్ఫిన్‌కు మొప్పలు లేవు, ఊపిరితిత్తులు ఉన్నాయి. తల పైనుండే రంధ్రమే దాని ముక్కు. మాటిమాటికి పైకొచ్చి గాలి పీల్చుకోవాల.

నిద్ర: మనం నిద్రపోయినా ఊపిరి దానంతట అదే ఆడుతుంది. డాల్ఫిన్‌కు అట్ల కాదు. అందుకని దాని మెదడులో సగం నిద్రపోతే ఇంకో సగం మేలుకొని ఉంటుంది. ఇద్దరు వంతులేసుకొని కాపలా కాసినట్టు! నాకు అన్నిటికంటే ఇదే వింతగా అనిపించింది.

పిల్ల: బాటిల్‌నోస్ అనే రకం సుమారు 12 నెలలు మోసి ఒక పిల్లను కంటుంది. పుట్టంగానే పిల్ల పైకొచ్చి గాలి పీల్చాల.

వినికిడి: గబ్బిలం చీకట్లో శబ్దం చేసి, అది తగిలి తిరిగొస్తే విని దారి తెలుసుకుంటుంది కదా. డాల్ఫినూ అంతే. గంగానది డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు. బురద నీళ్లలో శబ్దంతోనే చేపల్ని పట్టుకుంటుంది.

ఎక్కడున్నాయి: మన బంగాళాఖాతంలో ఉన్నాయి. శ్రీకాకుళం దాటి ఒడిశాలోకి పోతే చిలికా సరస్సులో గుండ్రటి తల ఉండే ఇరావతి డాల్ఫిన్లు సుమారు 150 ఉన్నాయి. గంగా డాల్ఫిన్‌ను 2009లో జాతీయ జలచరంగా ప్రకటించారు. 2025లో వచ్చిన లెక్క ప్రకారం మన దేశ నదుల్లో ఉన్నవి 6,327.

ప్రమాదం: నీళ్లలో పుట్టిన డాల్ఫిన్ నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఎట్లంటే, సన్నని నైలాన్ వల దాని శబ్దానికి సరిగా అందదు. చిక్కుకుంటే పైకి రాలేదు. జాలరి వల వేసేది చేపల కోసమే, దీని కోసం కాదు. వల కోసి వదిలితే అది బతుకుతుంది, కానీ వల పోతే ఆయన కూటికి నష్టం. కాబట్టి వల నష్టం ఆయనొక్కడే మోయకూడదు అని నా అభిప్రాయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నల్లమల పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే డాల్ఫినూ ఉంది.

చెప్పండి చూద్దాం:
1. డాల్ఫిన్ ముక్కు ఎక్కడుంటుంది?
2. మన అడవిలో శబ్దంతో దారి తెలుసుకునే క్షీరదం ఏది?
3. వలలో పడిన డాల్ఫిన్ ఎందుకు చస్తుంది?

– 9వ తరగతి విద్యార్థిని