బొటనవేలి బాణీ

పాఠ్యభాగ ఉద్దేశం

కళను ఆస్వాదించడం సులభం. కళాకారుణ్ణి న్యాయంగా అంచనా వేయడం కష్టం. అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతంలో గిటారు వాదకుల ఆశుసృష్టి ఎలా సాగుతుందో, వారి శైలిని శ్రోతలు ఏ కొలమానాలతో నిర్ణయించారో వివరించి, రసజ్ఞునికి ఉండవలసిన వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అవధాన సభలో పృచ్ఛకుడు సమస్యగా ఒక పద్యపాదాన్ని ఇస్తాడు. దానితోనే ఛందస్సు నిర్ణయమైపోతుంది. ప్రాస కూడా నిర్ణయమైపోతుంది. అవధాని ఆ కట్టుబాటులో నిలిచి తక్కిన పాదాలను అప్పటికప్పుడు కల్పించి సభను మెప్పిస్తాడు. కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడు కృతిలోని ఒక పంక్తిని తీసుకొని రాగానికీ తాళానికీ భంగం రాకుండా నెరవు చేస్తాడు, కల్పనస్వరాలు పాడతాడు. దీనిని మనోధర్మం అంటారు. నియమాన్ని పాటిస్తూనే, నియమం ముందుగా చెప్పని దానిని వినిపించడం ఆశుసృష్టికి ప్రాణం. జాజ్ సంగీతం కూడా ఈ ప్రాణశక్తి మీదనే నిలిచి ఉంది.

జాజ్ 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో న్యూ ఆర్లియన్స్ నగరంలో, ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలో రూపుదిద్దుకొన్నది. జాజ్ బృందం ఒక పాటను ఎన్నుకొని మొదట దాని వరుసను వినిపిస్తుంది. ఆ వరుసకు అడుగున స్వరసమూహాల క్రమం ఒకటి నడుస్తూ ఉంటుంది. మూడు నాలుగు స్వరాలను ఏకకాలంలో పలికించే ఈ సమూహాన్ని కార్డ్ అంటారు. ఈ క్రమం బ్లూస్ పాటలలో సాధారణంగా 12 లయఖండాలలోను, ప్రసిద్ధమైన అనేక గీతాలలో 32 లయఖండాలలోను పూర్తవుతుంది. పూర్తి కాగానే, తాళపు ఆవర్తనం వలె, మళ్లీ మొదటినుంచి ప్రారంభమవుతుంది. ఒక్కొక్క ఆవృత్తిని కోరస్ అంటారు. వాదకుడు అసలు వరుసను పక్కన పెట్టి, ఆ స్వరసమూహాల క్రమం మీదనే ఒక కొత్త వరుసను అక్కడికక్కడ కల్పిస్తాడు. ఆయన వాయించినది పాటలో లేదు. అయినా పాటకు వెలుపల కూడా లేదు. ఈ సూక్ష్మాన్ని గ్రహించిన శ్రోతకే జాజ్ సంగీతం అర్థమవుతుంది.

తొలినాళ్లలో జాజ్ బృందాలలో గిటారుది వెనుక వరుస స్థానం. బూరలూ డప్పుల మోతలో దాని మృదుధ్వని వినబడేది కాదు. అందువల్ల గిటారు వాదకుడు చాలావరకు లయను నిలబెట్టే పనికే పరిమితమయ్యేవాడు. విద్యుత్ గిటారు వచ్చి ఈ స్థితిని మార్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ వాద్యం మీద ఒక్కొక్క స్వరాన్నీ బూర పలికినంత స్పష్టంగా పలికించి, గిటారు కూడా ముందు వరుసలో నిలువగలదని నిరూపించారు. క్షయవ్యాధి వల్ల 1942లో, 25 ఏళ్లకే ఆయన మరణించారు. ఆయన వదలిపెట్టిన కొద్దిపాటి రికార్డులే తరువాతి తరానికి పాఠశాల అయ్యాయి.

అదే కాలంలో ఐరోపాలో మరొక మార్గం ఏర్పడింది. 1910లో బెల్జియంలో, రోమా సంచార కుటుంబంలో జన్మించిన జాంగో రైన్‌హార్ట్ నివాసముండే బండి 1928లో అగ్నికి ఆహుతి అయింది. ఆ ప్రమాదంలో ఆయన ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. ఆయన మిగిలిన రెండు వేళ్లతో తీగల మీద కొత్త దారులు వెదకుకొన్నారు. కాలిన వేళ్లను కొన్ని స్వరసమూహాలకు మాత్రం ఊతగా ఉపయోగించుకొన్నారు. 1934లో స్తెఫాన్ గ్రపెల్లీ వయొలిన్‌తో కలిసి పారిస్‌లో ఆయన స్థాపించిన తంత్రీవాద్య బృందం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. శరీరానికి కలిగిన లోపం ఆయన శైలికి నిర్మాణ సూత్రమైంది. అయితే లోపమే శైలిని ఇచ్చిందనుకోవడం పొరపాటు. ఆ లోపానికి ఆయన చెప్పిన సమాధానం శైలి అయింది.

ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసే జీవితం వెస్ మాంట్‌గోమరీది. ఆయన 1923లో ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపొలిస్ నగరంలో జన్మించారు. దాదాపు 20 ఏళ్ల వయసులో చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, వాటిలోని వాదనాన్ని చెవితోనే గ్రహించి, గిటారును స్వయంగా నేర్చుకొన్నారు. స్వరలిపి చదవడం ఆయనకు రాదు. 1948 నుంచి 1950 వరకు లయొనెల్ హాంప్టన్ బృందంతో దేశమంతా తిరిగి, కుటుంబాన్ని విడిచి ఉండలేక సొంత ఊరు చేరుకొన్నారు. ఆ తరువాత చాలాకాలం పగలు కర్మాగారంలో పని, రాత్రి క్లబ్బులలో వాదనం. ఇంట్లో ఏడుగురు పిల్లలు.

గిటారు వాదకులలో అధికులు తీగలను చిన్న బిళ్లతో మీటుతారు. ధ్వని పదునుగా, ప్రస్ఫుటంగా వస్తుంది. మాంట్‌గోమరీ ఆ బిళ్లను వదలి కుడిచేతి బొటనవేలితో మీటారు. రాత్రివేళ సాధన చేస్తుండగా ఇరుగుపొరుగువారు చప్పుడు భరించలేమనడంతో ఈ పద్ధతి పట్టారని చెబుతారు. కారణం ఏదైనా ఫలితం అపూర్వం. బొటనవేలి కండ తీగను తాకినప్పుడు పుట్టే ధ్వని గుండ్రంగా, మెత్తగా, మనిషి గొంతుకకు దగ్గరగా ఉంటుంది. దీనికి తోడు, ఒకే స్వరాన్ని రెండు స్థాయిలలో ఏకకాలంలో పలికించే పద్ధతిని ఆయన విస్తారంగా సాధించారు. మంద్రస్థాయి షడ్జమూ మధ్యస్థాయి షడ్జమూ జంటగా కదలినట్లు, వరుస మొత్తం జంటస్వరాలతో నడుస్తుంది. ఈ ప్రయోగం జాంగో రైన్‌హార్ట్ వాదనంలోనూ కనిపిస్తుంది. కాని దానిని ఒక సంపూర్ణ భాషగా తీర్చిదిద్దిన ఘనత మాంట్‌గోమరీది.

ఆయన ఆశువాదనంలో ఒక అంతస్తుల కట్టడం తరచుగా కనిపిస్తుంది. మొదటి కోరస్‌లలో ఒంటిస్వరాల వరుస. తరువాత జంటస్వరాలు. చివరకు నిండైన స్వరసమూహాలు. ఒక్కొక్క మెట్టుకూ నాదం చిక్కబడుతుంది, శ్రోతలో నిరీక్షణ పెరుగుతుంది. రాగాలాపనలో విద్వాంసుడు మంద్రం నుంచి తారస్థాయికి క్రమంగా ఎక్కే తీరును ఎరిగినవారికి ఈ క్రమం కొత్తగా తోచదు. 1959లో శాక్సఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ ఇండియానాపొలిస్‌లో ఈ వాదనం విని, రివర్‌సైడ్ రికార్డు సంస్థకు ఆయన పేరు గట్టిగా సూచించారు. 1960లో వెలువడిన ‘ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్ ఆఫ్ వెస్ మాంట్‌గోమరీ’ అనే రికార్డుతో కర్మాగారపు కార్మికుడు జాజ్ లోకానికి ఆచార్యుడైనాడు.

ఇంతకూ శ్రోతలు శైలిని ఎలా నిర్ణయిస్తారు? సామాన్య శ్రోత మొదట పట్టుకొనే కొలమానం వేగం. కాలాన్ని గడియారంతో కొలవవచ్చు. భావాన్ని కొలవడానికి అటువంటి పరికరం లేదు. కొలవగలిగిన దానినే గొప్పదిగా భావించడం మనుష్య స్వభావం. కాని వేగం సామర్థ్యానికి సాక్ష్యమే కాని శైలికి నిర్వచనం కాదు. 1962లో పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్‌తో కలిసి జిమ్ హాల్ వాయించిన ‘అండర్‌కరెంట్’ రికార్డులో గిటారు ఎంత మాట్లాడుతుందో అంత మౌనంగానూ ఉంటుంది. ఎదుటివాని మాటకు చోటు ఇవ్వడం అక్కడ కళ. అలాగని స్వరబాహుళ్యమంతా ఆడంబరమనరాదు. 1973లో జో పాస్ ‘వర్చుయోసో’ రికార్డులో చాలావరకు ఒంటరిగా వాయించారు. పాట వరుసను, స్వరసమూహాలను, మంద్రస్వరాల నడకను ఒక్క వాద్యమే మోయవలసిన చోట స్వరాలు దట్టంగా రావడం అవసరం. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యం ఇక్కడ కూడా వర్తిస్తుంది. సందర్భం కోరినది ఏమిటి, వాదకుడు ఇచ్చినది ఏమిటి అన్న ప్రశ్నతో విమర్శ ఆరంభం కావాలి.

రెండవ కొలమానం పేరు. ప్రసిద్ధుని వాదనమని తెలిస్తే గుణాలు కనిపిస్తాయి. అనామకునిదని తెలిస్తే దోషాలు కనిపిస్తాయి. ఈ పక్షపాతాన్ని తొలగించడానికి లెనర్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 1940ల దశకంలో ‘మెట్రోనోమ్’ పత్రికలో ఒక శీర్షిక ప్రారంభించారు. తరువాత అది ‘డౌన్‌బీట్’ పత్రికకు మారింది. వాదకుని పేరు చెప్పకుండా ఒక సంగీత విద్వాంసునికి రికార్డు వినిపిస్తారు. ఆయన అది ఎవరిదో ఊహించి, తన అభిప్రాయం చెప్పి, నక్షత్రాల రూపంలో విలువ కడతాడు. కళ్లకు గంతలు కట్టిన పరీక్ష అని దాని పేరు. పేరు తొలగితే చెవి ఒక్కటే సాక్షిగా మిగులుతుంది. ఆ పరీక్షలో అనుభవజ్ఞులు కూడా పొరబడిన సందర్భాలున్నాయి.

ఇక్కడ గుర్తుకూ శైలికీ గల భేదాన్ని గమనించాలి. మాంట్‌గోమరీ జంటస్వరాలు ఆయన గుర్తు. ఆ గుర్తును తరువాత ఎందరో నేర్చుకొన్నారు. జార్జ్ బెన్సన్, పాట్ మెథీనీ వంటి ప్రముఖులు ఆయన నుంచి ప్రేరణ పొందారు. కాని ఏ కోరస్‌లో ఒంటిస్వరం విడిచి జంటస్వరానికి రావాలి, ఏ చిన్న పలుకును తిప్పి తిప్పి పెంచాలి, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలు అనుకరణకు లొంగవు. తిక్కన ఛందస్సులనే ఎన్నుకొని పద్యాలు అల్లినంత మాత్రాన ఎవరూ తిక్కన కాలేరు.

మూడవ కొలమానం జనాదరణ. ఇది మాంట్‌గోమరీ జీవితంలో తీవ్రమైన వివాదానికి దారితీసింది. 1965 తరువాత ఆయన నిర్మాత క్రీడ్ టేలర్ ఆధ్వర్యంలో, పెద్ద వాద్యబృందాల నేపథ్యంతో, నాటి జనప్రియ గీతాలను రికార్డు చేశారు. వాటిలో ‘గోయిన్ అవుట్ ఆఫ్ మై హెడ్’కు గ్రామీ పురస్కారం లభించింది. 1967లో వచ్చిన ‘ఎ డే ఇన్ ద లైఫ్’ విశేషంగా అమ్ముడుపోయింది. జాజ్ అభిమానులలో కొందరు ఆయన ధనం కోసం కళను తాకట్టు పెట్టారని నిందించారు. వారి మాటలో కొంత సత్యం లేకపోలేదు. ఆ రికార్డులలో ఆశువాదనం కుదించుకుపోయింది. అంతస్తుల కట్టడానికి చోటు మిగలలేదు. అయితే ఆ సంవత్సరాలలోనే ఆయన క్లబ్బులలో చిన్న బృందంతో పూర్వపు పద్ధతిలోనే వాయించేవారు. 1965లో వింటన్ కెల్లీ త్రయంతో వెలువడిన ‘స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్’ ఆయన ఆశుప్రతిభకు పరాకాష్ఠగా నేటికీ మన్నన పొందుతున్నది. 1968లో, 45 ఏళ్ల వయసులో ఆయన గుండెపోటుతో మరణించారు.

ఈ వివాదంలో ఉభయపక్షాలూ ఒక పొరపాటు చేశాయి. అమ్ముడుపోయింది కనుక హీనమని ఒకరు, అమ్ముడుపోయింది కనుక ఉత్తమమని మరొకరు వాదించారు. అమ్మకం అంగడికి సంబంధించిన సంగతి. నాదానికి సంబంధించినది కాదు. పగలంతా యంత్రాల మధ్య నిలబడి, రాత్రి గిటారు పట్టి, పెద్ద సంసారాన్ని ఈదిన మనిషికి కొద్దిపాటి సుఖం కోరుకొనే హక్కు లేదా? ఉంది. ఆ హక్కును గౌరవిస్తూనే, ఫలానా రికార్డులో ఆయన తన శక్తిలో కొంత భాగాన్నే వినియోగించారని చెప్పే హక్కు శ్రోతకూ ఉంది. మనిషిని తీర్పు చేయడం వేరు, కృతిని తీర్పు చేయడం వేరు.

ఇటువంటి పరీక్ష తెలుగువానికీ ఎదురైంది. 1969లో పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించినప్పుడు, గమకాలు ఆ వాద్యానికి లొంగుతాయా అని సందేహించినవారున్నారు. ఆయన వాదానికి దిగక, వాద్యాన్ని అయిదు తీగలకు మార్చుకొని, గమకాన్ని పలికించి చూపారు. తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చొని వాయించారు. రెండు ఆశుసృష్టి సంప్రదాయాలు ఒకే వేదిక మీద పరస్పరం ఆలకించుకొన్నాయి. 2014లో, 45 ఏళ్ల వయసులోనే ఆయన కన్నుమూశారు.

మన ఆలంకారికులు కావ్యం చదివే యోగ్యుణ్ణి సహృదయుడన్నారు. సంగీతం వినేవానికీ ఆ పేరు తగినదే. ఒక వాదకుణ్ణి నిర్ణయించే ముందు అతడు మూల గీతాన్ని ఎంతవరకు మనసులో నిలుపుకొన్నాడో, ఎత్తుకొన్న పలుకును ఎలా పెంచాడో, తోటివారికి ఎంత చోటు ఇచ్చాడో, ఏది వాయించగలిగి వాయించక విడిచాడో వినాలి. ఒక్కసారి వింటే ఇవన్నీ తెలియవు. ఒకే గీతాన్ని ఇద్దరు వాదకుల చేతిలో రెండు మూడు సార్లు విన్నప్పుడు భేదం తనంతట తానే తెలియవస్తుంది. ‘ఎవరు గొప్ప?’ అనే ప్రశ్నకు సమాధానం అప్పటికీ దొరకకపోవచ్చు. ‘ఈయన ఏమి చెప్పాడు?’ అనే ప్రశ్నకు మాత్రం సమాధానం దొరుకుతుంది. శ్రోతకు అవసరమైనది ఆ రెండవ ప్రశ్నయే.

అర్థాలు

పృచ్ఛకుడు = అవధానంలో ప్రశ్న అడిగేవాడు
ఆవృత్తి = మరల మరల రావడం
వాదనం = వాద్యాన్ని వాయించడం
ఊత = ఆధారం
ప్రస్ఫుటం = మిక్కిలి స్పష్టమైనది
ఔచిత్యం = సందర్భానికి తగి ఉండడం
పరాకాష్ఠ = ఉన్నతమైన చివరి స్థితి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వెస్ మాంట్‌గోమరీ శైలి ఏర్పడిన తీరును, దానిపై వచ్చిన వివాదాన్ని వివరించండి.
2. కళాకారుణ్ణి అంచనా వేయడంలో వేగం, పేరు, జనాదరణ అనే కొలమానాల పరిమితులను చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘గుర్తు’కూ ‘శైలి’కీ గల భేదం ఏమిటి?
2. జాజ్ ఆశువాదనానికీ మనోధర్మ సంగీతానికీ గల పోలికలను తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. చార్లీ క్రిస్టియన్ ఏ సంవత్సరంలో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరారు?
2. కావ్యానికి ఔచిత్యం ప్రాణమని చెప్పిన ఆలంకారికుడు ఎవరు?
3. యు. శ్రీనివాస్ ఏ వాద్యం మీద కర్ణాటక సంగీతం వాయించారు?