బుల్లెట్టు వాల్వుల చప్పుడు

పాత పోతయినుప ఇంజనుగల బుల్లెట్టు టకటకలాడినంతనే దానికి జబ్బు చేసినదని తలచరాదు. ఆ ఇంజను స్వభావముచేతనే కొంత చప్పుడు చేయును. వాల్వులు పూర్తిగా మూగబోవుటయే అంతకన్న ప్రమాదము. చప్పుడు పోవలెనని పుష్ రాడ్లను మితిమీరి బిగించిన యెడల వాల్వు తన సీటుపై సరిగా కూర్చొనదు. ఆ సందున మంట వెడలి దాని అంచును కాల్చివేయును. అప్పుడు కిక్కు తేలికగా దిగిపోవును, బండి కదలదు. చివరకు పట్నమున హెడ్డు విప్పించు ఖర్చు మీద పడును.

కాని కుడివైపు టకటక నానాటికి హెచ్చుచున్నచో పరీక్షింపవలసినదే. రాత్రి నిలిపిన బండిని ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడే చూడవలెను. సెంటరు స్టాండుపై నిలిపి, ప్లగ్గు తీసి, టాప్ గేరులో వెనుక చక్రమును మెల్లగా ముందుకు త్రిప్పుడు. ప్లగ్గు రంధ్రముపై నుంచిన బొటనవ్రేలిని గాలి నెట్టును. ఆ నెట్టుడు ఆగినచోట పిస్టను పైకొసకు చేరినట్లు. అప్పుడు రెండు వాల్వులును మూసికొని యుండును.

కుడిప్రక్కనున్న టాపెట్ మూత విప్పినచో రెండు పుష్ రాడ్లు కనబడును. ఒక్కొక్కదానిని వ్రేళ్లతో త్రిప్పి చూడుడు. సులభముగా తిరుగవలెను, పైకి క్రిందికి ఆడరాదు. ఈ ఇంజనుకు నిర్ణయించిన సందు సున్న. ఆడుచున్నచో ఒక పానాతో టాపెట్టును కదలకుండ పట్టి, లాకునట్టును వదులుచేసి, సవరించు మరను కొద్దికొద్దిగా త్రిప్పవలెను. లాకునట్టు బిగించునపుడు సందు మారుట సామాన్యము గనుక, బిగించిన పిదప రాడును మరల త్రిప్పి చూచుట మరువరాదు. సందేహము కలిగినచో వదులు వైపే మొగ్గుడు.

యు.సి.ఇ. ఇంజనుగల బుల్లెట్లలో నూనె ఒత్తిడితో తమంతట సర్దుకొను టాపెట్లున్నవి. వానికి ఈ సవరణ అక్కరలేదు.