గుండుకు చుట్టే కాగితం ఏది?
సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: పాతకాలపు రైఫిళ్లు కాల్చే పోటీలకు మిత్రులతో కలిసి వెళ్తుంటాను. ఈమధ్య షార్ప్స్ నమూనా .45-70 రైఫిల్ కొన్నాను. సీసపు గుండుకు కాగితం చుట్టి కాల్చాలని ఉంది. ఒకాయన ఆనియన్‌స్కిన్ పేపర్ తప్ప వేరేది ముట్టుకోవద్దంటారు, ఇంకొకాయన ట్రేసింగ్ పేపర్ అంటారు, మా ఆఫీసు మిత్రుడేమో ప్రింటర్ కాగితం చాలంటాడు. ఏది కొనమంటారు?
– కె.ఎస్., డాలస్

జవాబు: కొట్టుకు వెళ్లేముందు మీ రైఫిల్ గొట్టం కొలవండి. కాగితం పేరు తర్వాతి సంగతి. మెత్తటి సీసపు ముక్కను గొట్టంలోంచి నెట్టి బయటికి తీస్తే లోపలి గట్ల కొలత, గాడుల కొలత రెండూ దాని మీద అచ్చుపడతాయి. .45 రైఫిళ్లలో మామూలుగా గట్ల దగ్గర 0.450 అంగుళం, గాడుల దగ్గర 0.458 అంగుళం ఉంటుంది. బ్లాక్ పౌడర్ వాడేవాళ్లలో చాలామంది, కాగితం చుట్టిన గుండు గట్ల కొలతకు సరిపోవాలంటారు. నా అభిప్రాయమూ అదే. మందు అంటుకున్న తాకిడికి మెత్తటి సీసం ఉబ్బి గాడుల్ని తనే నింపుకుంటుంది.

ఇక లెక్క చూడండి. కాగితం గుండు చుట్టూ రెండు చుట్లు తిరుగుతుంది. అడ్డంగా కొలిస్తే అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు పొరల మందం కలుస్తుంది. 0.002 అంగుళం కాగితం వాడితే 0.008 పెరుగుతుంది కనుక గుండు 0.442 ఉండాలి. 0.0015 కాగితమైతే 0.444 ఉండాలి. ప్రింటర్ కాగితం ఒక్క పొరే సుమారు 0.004 ఉంటుంది. దానికి 0.434 గుండు కావాలి, ఆ కొలత అచ్చు ప్రత్యేకంగా చేయించుకోవాల్సిందే. పైగా తెల్లదనం కోసం, బరువు కోసం అందులో సుద్దపొడి కలుపుతారు. ఆ పొడి గొట్టాన్ని అరగదీస్తుందని కొందరి భయం. నా అభ్యంతరం వేరు. సుద్ద చేరినకొద్దీ పీచు తగ్గుతుంది, పీచు తగ్గిన కాగితం, చుట్టడానికి తడిపి లాగితే తెగుతుంది.

అందుకే పత్తి పీచుతో చేసిన పల్చటి కాగితం, అంటే ఆనియన్‌స్కిన్ రకం, కొనండి. అట్ట మీద 9 పౌండ్లు అని ఉంటే అది చదరపు మీటరుకు సుమారు 34 గ్రాముల కాగితమని అర్థం. 25 శాతం పత్తి అని రాసినవీ ఉంటాయి, 100 శాతం అని రాసినవీ ఉంటాయి. ధర ఎక్కువైనా రెండోదే తీసుకోండి. ట్రేసింగ్ పేపర్ విషయంలో జాగ్రత్త. కలప గుజ్జును బాగా నలగ్గొట్టి చేసిన రకం తడి తగలగానే ముడతలు పడుతుంది, ఆరాక పెళుసుగా ఉంటుంది. పత్తితో చేసిన రకమైతే పనికొస్తుంది. కేకులు కాల్చేటప్పుడు వేసే పార్చ్‌మెంట్ పేపర్ వద్దు, సిలికాన్ పూత వల్ల దానికి నీళ్లు పట్టవు.

ఒక్క షీటును కొలిచి సరిపెట్టుకోకండి. పది షీట్లు కలిపి మైక్రోమీటరులో పెట్టి, వచ్చిన కొలతను పదితో భాగించండి. మూలల్లో ఒకసారి, మధ్యలో ఒకసారి చూడండి. ఇంత పట్టింపు ఎందుకంటారా? 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో అమెరికా జట్టు షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లతో 800, 900, 1000 గజాల దూరాల్లో ఐర్లండ్ జట్టుతో పోటీపడింది. కాల్చినవి కాగితం చుట్టిన గుండ్లే. 934కు 931, అంటే మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. వెయ్యి గజాల దగ్గర ఒక్క గుండు దారి తప్పితే పోటీ చేజారుతుంది. కాగితం మందంలో తేడా ఉంటే గుండు గుండుకూ బిగువు మారుతుంది.

ప్రశ్న: మీరు చెప్పే పత్తి కాగితమే వాడుతున్నాను. అయినా ఆరాక కొన్ని గుండ్ల మీద కాగితం వదులవుతోంది, కొన్నిటి మీద అంచు పైకి లేస్తోంది. తప్పు కాగితానిదా, నా చేతిదా?
– ఎం.వి., కొలంబస్, ఒహాయో

జవాబు: రెండూ చూద్దాం. యంత్రం మీద తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కుగా పడుకుంటుంది. చిన్న చదరపు ముక్క కత్తిరించి ఒక వైపు మాత్రమే తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కున ఉందో పీచు ఆ దిక్కున ఉన్నట్టు. కాగితం తడిస్తే పీచుకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, ఆరితే అటే ఎక్కువ ముడుచుకుంటుంది. పీచు పొడవునా లాగితే బలం ఎక్కువ. గుండుకు చుట్టే కాగితపు పట్టీని పీచుకు ఏ వాలున కోయాలన్న దాని మీద అనుభవజ్ఞులు రెండు వర్గాలుగా ఉన్నారు. రెండు విధాలా కొన్ని చుట్టి, మీ రైఫిల్లో కాల్చి తేల్చుకోండి. ఒకే మోపులో రెండు వాలుల పట్టీలు కలవడం మాత్రం పెద్ద తప్పు. మీ గుండ్లలో కొన్నే వదులవుతున్నాయంటే నా అనుమానం ముందు దాని మీదే.

అంచు లేవడానికి పట్టీ పొడవు కారణం. పట్టీ చివరలు ఏటవాలుగా కోసి ఉండాలి, రెండు చుట్లు తిరిగాక ఒకదానికొకటి ఆనాలి. ఒకదాని మీదికి మరొకటి ఎక్కితే ఆ పక్క మందం పెరిగి గుండు తూకం తప్పుతుంది. వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా నష్టం లేదు, ఎక్కడం కూడదు. కొలత కోసం ఒక పొడవాటి పట్టీని గుండుకు రెండు చుట్లకు మించి చుట్టి, పొరలన్నీ తెగేలా బ్లేడుతో ఏటవాలుగా గీయండి. విప్పి చూస్తే సరైన పొడవు దొరుకుతుంది. దాన్ని రేకు మీద గీసుకుని నమూనాగా ఉంచుకోండి.

చుట్టేటప్పుడు మంచినీళ్లు చాలు. కాగితం మెత్తబడగానే తీయాలి, నానబెట్టకూడదు. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల బొటనవేలి ఒత్తిడి చూశారా, అలా మొదటి చుట్టులోనే బిగువు పట్టాలి. తర్వాత లాగితే కాగితం చిరుగుతుంది. గుండు అడుగు దాటి మిగిలిన కాగితపు తోకను అడుగుకు మడిచి, నీడలో ఆరనివ్వండి.

ప్రశ్న: 1857లో సిపాయిలు వద్దన్న తూటాల కాగితానికీ, మీరు చెప్పే ఈ కాగితానికీ సంబంధం ఉందా? పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కొవ్వు సంగతే చెబుతున్నాం, కాగితం సంగతి ఎక్కడా లేదు.
– చరిత్ర ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: సూటి సంబంధం ఉంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ .577 కాలిబర్. దాని తూటా అంటే కాగితపు గొట్టంలో మందు, గుండు. ఆ గుండుకు కొవ్వు పట్టించే గాడులు లేవు, నున్నగా ఉండేది. సిపాయి చివర కొరికి, మందు పోసి, గుండున్న వైపు తిప్పి రైఫిల్ గొట్టం నోట్లో పెట్టి, మిగిలిన కాగితం చింపేసి, కడ్డీతో దట్టించేవాడు. గుండు చుట్టూ ఉన్న కాగితం దానితోపాటే లోపలికి పోయేది. కొవ్వు పూసింది ఆ కాగితం పైననే. మసి పేరుకున్న గొట్టంలోకి గుండు జారాలంటే జిడ్డు తప్పనిసరి.

జనవరి 1857లో డమ్‌డమ్‌లో అలజడి మొదలయ్యాక, సిపాయిలు తమకు ఇష్టమైన జిడ్డు తామే పూసుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. అప్పుడు అనుమానం కాగితం మీదికి మళ్లింది. బారక్‌పూర్‌లో జరిగిన విచారణలో, కాగితం మెరుస్తోందనీ, కాలిస్తే చిటపటమంటోందనీ సిపాయిలు చెప్పారు. రసాయన పరీక్షలో అందులో జిడ్డు లేదని తేలింది. కాగితం మెరవాలంటే కొవ్వే ఉండక్కర్లేదు, జిగురు పట్టించినా, గట్టిగా ఒత్తి సాపు చేసినా మెరుస్తుంది. కానీ అప్పటికే నమ్మకం పోయింది. ఫిబ్రవరి చివర బర్హంపూర్‌లో 19వ రెజిమెంటు కాదన్నవి ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, పాత మస్కెట్ల తూటాలు. అక్కడ గొడవంతా కాగితం చూసే. మీ పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

ప్రశ్న: సాంగనేర్ చేతి కాగితంతో ఇంట్లోనే ఇలాంటి తూటాలు చేసి చూడొచ్చా?
– పి., హైదరాబాద్

జవాబు: వద్దండీ. లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాగితం వరకే అడిగితే, చేతి కాగితంలో పీచు అన్ని వైపులా పరుచుకుంటుంది, అది మంచి గుణమే. కానీ మందం ఒక షీటులోనే మారుతుంది. ఈ పనికి అది చాలదు.

ప్రశ్న: నేను ఎంచుకున్న కాగితం సరైనదని ఎలా తెలుస్తుంది?
– ఎస్.ఆర్., న్యూజెర్సీ

జవాబు: రేంజ్‌లో కాల్పులు ఆపి అందరూ ముందుకు వెళ్లే సమయం వచ్చినప్పుడు, మీ గొట్టం నోటికి ఎదురుగా నేల మీద వెతకండి. మంచు పడ్డ రోజు ఇది సులువు. గాడుల వెంట సన్నటి పేలికలుగా, అంచులు శుభ్రంగా తెగిన ముక్కలు దొరికితే కాగితం తన పని చేసింది. అంచులు మాడి ఉంటే వేడి వాయువు పక్కనుంచి దూరిందని అర్థం. అప్పుడు గుండు కొలత పెంచాలి, లేదా కాస్త మందమైన కాగితం చూడాలి. ముక్కలు దొరక్కుండా గొట్టంలో కాగితపు ఉంగరం మిగిలితే, అది తీసేదాకా మరో గుండు కాల్చొద్దు. సీసపు గుండ్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి తినండి, పిల్లల్ని ఎత్తుకోండి.

సరిపోయిన కాగితం దొరికితే అదే లాటు నుంచి ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోండి. కొత్త కట్ట విప్పినప్పుడు, పాత పేరే ఉన్నా సరే, మళ్లీ మైక్రోమీటరు పట్టండి.