ముందు ఎండుటాకు, తర్వాతే ఎరువు డబ్బా

ఫాల్గుణం వచ్చిందంటే కరీంనగర్ వీధుల్లో వేప, రావి చెట్లు ఆకు దులుపుకుంటాయి. ఆదిలాబాద్ వైపు టేకు ఆకు అప్పటికే చాలా మటుకు రాలి ఉంటుంది. పొద్దున్నే ఊడ్చి, మోరి పక్కన కుప్ప చేసి, అగ్గిపుల్ల గీస్తాం. ఇంట్లో ఎరువు చేయాలనుకునేవాళ్లు మొట్టమొదట ఆపాల్సింది ఆ అగ్గిపుల్లనే. డబ్బా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆకు మాత్రం ఏడాదికి ఒక్కసారే రాలుతుంది. గోనె సంచుల్లో కుక్కి, వాన తడవని చోట దాచిపెట్టండి.

ఆకు మీద ఇంత పట్టు ఎందుకంటే, చెత్తను ఎరువుగా మార్చేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటికి శక్తి కోసం కర్బనం, ఒళ్లు కట్టుకోవడానికి నత్రజని కావాలి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే వాటి పని చురుగ్గా సాగుతుంది. కూరగాయల తొక్కల్లో నత్రజని, నీళ్లు ఎక్కువ. ఎండుటాకులో కర్బనం ఎక్కువ, పైగా అది మధ్యలో గాలి ఆడేలా సందు ఉంచుతుంది. ఒట్టి తొక్కలే డబ్బాలో వేసి మూత పెడితే కుళ్లుతాయి తప్ప ఎరువు కావు. "మేమూ చేసి చూశాం, కంపు భరించలేక మానేశాం" అనేవాళ్లలో ఎక్కువమందికి తక్కువ పడింది ఆకే.

నిజానికి ఇది మనకు కొత్త విద్య కాదు. బియ్యం కడుగు, గంజి కుడితి గోలెంలోకి పోయేవి. పేడ, బర్రెలు తినగా మిగిలిన గడ్డి, వాకిలి ఊడ్చిన ఆకు అన్నీ పెంటకుప్ప మీద పడేవి. ఎండాకాలంలో ఆ పెంటను బండ్ల మీద చేన్లకు తోలేవాళ్లు. 1924 నుంచి 1931 దాకా ఇందోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త ఇటువంటి రైతుల పద్ధతులనే గమనించి, పొరలు వేసి తిరగవేసే 'ఇందోర్ పద్ధతి'ని రూపొందించాడు. పట్నంలో బర్రె పోయింది, దాంతోపాటే గడ్డీ పోయింది. మిగిలింది తడి చెత్త ఒక్కటే. దాన్ని పొడి చెత్తతో కలిపి బండికి ఇస్తే డంపింగ్ యార్డులో గాలి ఆడక కుళ్లి, మీథేన్ పుట్టి, నిప్పంటుకుంటుంది. మానేరు ఒడ్డున ఆ పొగ పీల్చినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇక పనిలోకి దిగుదాం.

మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు తీసుకోండి, ఒక్కోటి 40, 50 లీటర్లవి. ఒకటి నిండుతుంటే రెండోది చివుకుతూ ఉంటుంది. పగిలి మూలన పడిన పాత గోలెమైనా పనికొస్తుంది. డ్రమ్ముకైతే కాల్చిన సలాకతో చుట్టూ జానెడు దూరానికొకటి, అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. ఇటుకల మీద ఎత్తి, కింద ఒక పళ్లెం ఉంచండి. నీడ ఉన్న చోటే పెట్టండి. డాబా మీద ఎండలో పెడితే ఏప్రిల్ కల్లా లోపలిదంతా వరుగైపోతుంది.

అడుగున కొబ్బరి పీచు, చిన్న పుల్లలు పరిచి, దాని మీద నాలుగు వేళ్ల మందాన ఆకు వేయండి. తోడుకు పిడికెడు పచ్చిపేడ నీళ్లలో కలిపి చల్లండి. పేడ దొరక్కపోతే పులిసిన మజ్జిగ, లేదా చెట్టు కింది మట్టి రెండు గుప్పెళ్లు చాలు. గాజియాబాద్ జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తెచ్చిన 'వేస్ట్ డీకంపోజర్' దొరికితే వాడుకోవచ్చు. లేదని ఆగాల్సిన పని లేదు. వందలు పోసి పొడులు కొనడం నా దృష్టిలో దండగ.

ఆపైన రోజూ చేయాల్సింది ఒకటే: గిన్నెడు తొక్కలు వేస్తే రెండు గిన్నెల నలిపిన ఆకు. తొక్క కంటికి కనిపించకుండా కప్పాలి. తొక్కలను చిన్న ముక్కలు చేస్తే త్వరగా చివుకుతాయి. మూడు రోజులకోసారి కట్టెతో కలియబెట్టండి. నలుగురున్న ఇంట్లో ఏడాదికి ఏడెనిమిది గోనె సంచుల ఆకు పడుతుంది. చాలకపోతే సామిల్లులో రంపపు పొట్టు అడగండి, ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది. రైస్ మిల్లు ఊక ఊరికే దొరికినా ఒక పట్టాన చివకదు, కాస్త కలపవచ్చు గానీ దాని మీదే ఆధారపడవద్దు. పత్తి కట్టె జోలికి పోకండి.

మాంసం, ఎముకలు, చేపలు, పాలు, నూనె కూరలు వేయకూడదు. ఎలుకలు, కుక్కలు వెతుక్కుంటూ వస్తాయి. మిగిలిన అన్నం కొద్దిగా అయితే పర్వాలేదు. గుడ్డు పెంకులు నలిపి వేయండి. జగిత్యాల మామిడి తిన్నన్నాళ్లు టెంకలు, మక్క కంకుల బెండ్లు డబ్బాలో నిండుతాయి. అవి నెలల తరబడి అలాగే ఉంటాయి కాబట్టి వేరే బొందలో వేయండి. సద్దుల బతుకమ్మ నాడు మిగిలిన తంగేడు, బంతి నిస్సంకోచంగా వేయొచ్చు. గునుగు విషయంలో మాత్రం జాగ్రత్త: రంగులు అద్దిన పువ్వు వద్దు, తెల్లగా ఉన్నదే వేయండి.

డబ్బాకు ఏం కావాలో తెలుసుకోవడానికి పిడికిట్లోకి కొంచెం తీసుకుని పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు. నీళ్లు కారితే ఆకు వేయండి, పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లండి. చీమలు పట్టాయంటే అది ఎండిందని గుర్తు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి ఆడటం లేదు. ముక్కు మండే ఘాటు వస్తే నత్రజని ఎక్కువైంది. రెండింటికీ మందు ఒకటే: ఆకు వేసి కలియబెట్టడం. వానాకాలంలో లావుపాటి తెల్లని పురుగులు లుకలుకలాడుతూ కనిపిస్తే అందరూ హడలిపోతారు. అవి చాలాసార్లు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. కుట్టవు, రోగాలు తేవు, మనకంటే వేగంగా చెత్త తింటాయి. ఉండనివ్వండి.

ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మన దగ్గర తడిపిన గోనెపట్టా డబ్బాకు చుట్టాలి. ఆదిలాబాద్ చలికాలంలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల కిందికి దిగుతుంది. అప్పుడు చివకడం మందగిస్తుంది. మూత కింద గడ్డి కప్పి ఊరుకోండి, పాడేమీ కాదు.

వానపాములు ఎప్పుడు వేయాలని అడుగుతారు. మొదటి ఏడాది వద్దనే అంటాను. వాటికి నీడ, చెమ్మ, చల్లదనం తప్పకూడదు, వేడి తగిలితే చచ్చిపోతాయి. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలం ముఖ్రా(కె) గ్రామం వర్మీకంపోస్టు అమ్మిన డబ్బుతో సౌర ఫలకాలు పెట్టించుకుంది. అక్కడైనా వానపాముల దాకా వెళ్లింది ఇంటింటా వేరుచేసి ఇచ్చిన తడి చెత్తే. ఆ అలవాటు మీ వంటింట్లో నిలిచాక కృషి విజ్ఞాన కేంద్రంలో వానపాముల సంగతి అడగండి.

డబ్బా నిండాక తడి చెత్త ఆపి, వారానికోసారి తిరగవేస్తూ రెండు మూడు నెలలు వదిలేయండి. నల్లగా మారి, తొలకరి నేల వాసన వస్తే అయినట్టే. అనుమానముంటే గుప్పెడు ఎరువు తడిపి, కవర్లో వేసి మూతి కట్టి మూడు రోజులుంచండి. విప్పినప్పుడు కంపు కొడితే ఇంకో పదిహేను రోజులు ఆగండి. పచ్చి ఎరువు మొక్కకు అందాల్సిన నత్రజనిని లాక్కుంటుంది. తయారైనదాన్ని కుండీల్లో రెండు పాళ్ల మట్టికి ఒక పాలు కలపండి, పెరిగిన మొక్కకైతే నెలకోసారి మొదట్లో గుప్పెడు చాలు. జల్లెడ మీద మిగిలిన పుల్లలు, ముతక ముక్కలు పారేయకండి. రెండో డబ్బాలో వేస్తే ఈసారి పేడ కోసం వెతుక్కోనక్కర్లేదు.