ఉదయపు తలనొప్పి – మెడ నరములు

నిద్ర లేచిన వెంటనే తలనొప్పి యని బాధపడువారు ప్రతి గ్రామమునను కలరు. పైత్యమనియు, ఎండదెబ్బ యనియు ఎవరికి తోచిన కారణము వారు చెప్పుదురు. మెడను మాత్రము తలచువారు అరుదు. మోపులు, బస్తాలు, బిందెలు మోయువారును, దినమెల్ల వంగి నాట్లు వేయు స్త్రీలును మన పల్లెలలో పెక్కుమంది యుండుటచే పంచాయతీ సభ్యులు ఈ విషయమును కొంత తెలిసికొని యుండుట అవసరము.

మెడలో ఏడు వెన్నుపూసలు, ఎనిమిది జతల నరములు కలవు. వీనిలో పై మూడు జతలు తెచ్చు వార్తయు, ముఖము నుండి వచ్చు నరము తెచ్చు వార్తయు మెదడు అడుగుభాగమున ఒక్కచోటనే కలియును. అందువలన బాధ మెడకీలులో నున్నను నొసటనో, కంటి వెనుకనో ఉన్నట్లు తోచును. ఇట్టి నొప్పి సాధారణముగా పెడతలలో మొదలై, ఒక ప్రక్కగా ముందునకు ప్రాకును. మెడ త్రిప్పినపుడు హెచ్చును. ఎత్తైన దిండుపై గాని, బోరగిల గాని పరుండినచో మెడ రాత్రియెల్ల వంకరగా నుండి తెల్లవారుసరికి బిగియును. తల, మెడ, వీపు ఒక తీరున నుండునంత దిండు చాలును. కాపడము, వైద్యుడు చూపిన మెడ వ్యాయామము పెక్కుమందికి గుణమిచ్చును.

ఉదయపు తలనొప్పి యెల్ల మెడనుండియే వచ్చుననరాదు. రక్తపుపోటు మిక్కిలి హెచ్చినను, నిద్రలో గురకతో ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నను కలుగవచ్చును. నొప్పి మాత్రలు నెలకు 15 దినములకు తక్కువ గాకుండ, మాసముల తరబడి మ్రింగువారికి ఆ మాత్రలే తలనొప్పి తెచ్చును.

చేతికి పోవు నరములు మెడ క్రిందిభాగమున పుట్టును. పూస అరిగినను, పూసల నడుమనుండు డిస్కు జారినను అవి నొక్కుకొని, భుజము నుండి వ్రేళ్లవరకు పోటు, తిమ్మిరి కలుగును. ఇది చాలమందికి కొన్ని వారములలో తగ్గును. కాని వెన్నుపామే నొక్కబడినపుడు నొప్పి అంతగా లేకపోవచ్చును. మోసమంతయు అందే యున్నది. చొక్కా గుండీలు పెట్టుకొనుట, అన్నము కలుపుకొనుట కష్టమగును, కాలి చెప్పు జారినను తెలియదు, నడక తూలును, మూత్రము పట్టుతప్పును. ముసలితనమని ఊరకున్నచో, పోయిన బలము తిరిగి రాకపోవచ్చును. అట్టివారిని జాప్యము లేక ఎం.ఆర్.ఐ. పరీక్ష గల పెద్ద ఆసుపత్రికి పంపవలెను. జ్వరముతో మెడ బిగిసినను, తలనొప్పి పిడుగువలె హఠాత్తుగా వచ్చినను, మాట తడబడినను 108 వాహనమును పిలువవలెను.

క్షౌరశాలలో మెడను ఫట్టున విరిపించుకొనుట కొందరికి ముచ్చట. ఆ విసురునకు మెదడునకు నెత్తురు కొనిపోవు ధమని లోపొర చిరిగి పక్షవాతము వచ్చుట అరుదే గాని, వైద్యులు ఎరిగినదే. క్షురకుని నిందింపనక్కరలేదు, కోరువారే మానుకొనవలెను.

ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించినచో దానిని తగ్గించు చర్యలు తీసికొనవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసినది; స్త్రీలకు అంతకన్న చాల తక్కువ యుండవలెనన్నది. మన ప్రాంతమున 75 కిలోల ధాన్యపు బస్తా నేటికిని కలదు. తమిళదేశమున పూర్వులు బాటల ప్రక్క భుజమెత్తున రాతి దిమ్మెలు నిలిపిరి. వానికి సుమైతాంగి యని పేరు. బరువు మోయువాడు ఒరుల సాయము లేకయే మూటను దానిపై దించి, అలసట తీరిన పిదప తిరిగి ఎత్తుకొనెడివాడు. కుళాయి కడను, కళ్లము కడను, సంతలోను అట్టి దిమ్మె కట్టించుట ఏ పంచాయతీకిని మోయరాని ఖర్చు కాదు. అయితే స్థలమును, ఎత్తును నిర్ణయించునపుడు నిత్యము బిందెలు మోయు స్త్రీలనే అడిగి, వారి భుజములకు సరిచూచి కట్టించవలెను.