హైస్కూలు నాటకం: ఎవరి కథ ఎవరు చెప్పాలి?

ఈ సంచికకి నాటకం మీద ఏదైనా రాయమని మన క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు, నేను చూసిన గొప్ప నాటకాల గురించి రాద్దామనుకున్నా. నిజం చెప్పాలంటే అట్లాంటివి పెద్దగా చూడలేదు. నాకు బాగా తెలిసిన నాటకం ఒకటే. తొమ్మిదో క్లాసులో నేనే రాసి, నేనే చెడగొట్టినది. ఇప్పుడు మన క్లబ్ హైస్కూళ్ళకి వెళ్ళి నాటకాలు వేయిద్దామనుకుంటోంది కాబట్టి, ఆ తప్పు మీకు కూడా పనికొస్తుందని రాస్తున్నా.

కుళాయి దగ్గర చెప్పిన మాట

మాది చిత్తూరు వైపు ఒక మండలంలో గవర్నమెంటు హైస్కూలు. నవంబర్ 14కి మా క్లాసుకి పదిహేను నిమిషాలు ఇచ్చారు. డాన్సులు అందరూ వేస్తారు, మనం నాటకం వేద్దామని ఆరుమంది ఆడపిల్లలం కూడుకున్నాం. సార్లు, మేడంలు ఎవరూ జోక్యం చేసుకోలేదు. అంతా మాదే. రాసే పని నాది.

కథ కోసం వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. రెండు వారాల ముందే నా బెంచీలో కూర్చునే స్నేహితురాలు, మధ్యాహ్న భోజనం ప్లేట్లు కడుక్కునే కుళాయి దగ్గర నాకొక మాట చెప్పింది. పదో తరగతి కాగానే మేనమామకిచ్చి పెళ్ళి చేసేద్దామని ఇంట్లో అనుకుంటున్నారంట. "ఎవురికీ చెప్పొద్దే" అంది. నేను ఎవరికీ చెప్పలేదు. నాటకంగా రాసేసినా, అంతే. పేరు మార్చినా, ఊరు మార్చినా. బెంగుళూరులో ఆటో నడిపే మేనమామని మాత్రం మార్చలేదు. సీను బాగా వస్తోందని.

నాటకం సగంలో ఉండగానే వెనక వరుసల్లో గుసగుసలు మొదలైనాయి. చివర్లో చప్పట్లు గట్టిగానే పడినాయి. ఆ అమ్మాయి మాత్రం నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు వచ్చి వేరే బెంచీలో కూర్చుంది. చాలా రోజుల తర్వాత నాతో ఒకటే మాటంది: "నేను ఏడుస్తా ఉన్నట్టు రాసినావే. నీ దగ్గర ఎప్పుడన్నా ఏడ్చినానా?"

నిజమే, ఏడవలేదు. ఇంటర్‌కి హాస్టల్ ఉన్న కాలేజీలో సీటు రావాలంటే ఎన్ని మార్కులు కావాలని అడిగింది. ఆ ప్రశ్న నా స్క్రిప్టులో లేదు. ఏడుపుకి చప్పట్లు వస్తాయి, మార్కుల లెక్కకి రావు కదా.

విద్యార్థుల నాటకం కొత్తదేమీ కాదు

తర్వాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు ఒకటి తెలిసి ఆశ్చర్యపోయా. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' వేయించారు. కోర్టు వ్యవహారాల్లో జరిగే అన్యాయాల మీద వ్యంగ్యం అది. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ని మనం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

మన చిత్తూరు వైపు అంతకన్నా పాతది ఇంకోటి ఉంది. భారతం. ద్రౌపదీ ధర్మరాజుల గుడులున్న ఊళ్ళలో వేసవి వచ్చిందంటే పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. మా అవ్వ చాప చంకన పెట్టుకుని నన్ను తీసుకుపోయేది. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయల కోసం పిల్లలు లేని ఆడవాళ్ళు కింద ఎదురు చూస్తుంటారు. దుర్యోధన వధ రోజు మైదానంలో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు గద పట్టుకుని పరిగెత్తుతాడు, వెనకాల ఊరి పిల్లలంతా పరిగెత్తుతారు. అక్కడ చూసేవాళ్ళు ఊరికే కూర్చుని చూడరు. నాటకంలోకి దిగిపోతారు.

బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ (1931–2009) గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ భారతమే.

బ్రేక్ పాయింట్ పెట్టిన నాటకం

బోల్ పద్ధతిని ఫోరమ్ థియేటర్ అంటారు. మన భాషలో చెప్పాలంటే అది డీబగ్గింగ్. ముందు ఒక చిన్న నాటకం వేస్తారు. అది చెడుగానే ముగుస్తుంది. తర్వాత మళ్ళీ మొదటినుంచి వేస్తారు. ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపు!" అని అరవచ్చు. అరిచినవాళ్ళు స్టేజీ ఎక్కి, అన్యాయానికి గురవుతున్న పాత్ర స్థానంలో నిలబడి తమకు తోచిన దారి ప్రయత్నించాలి. మిగతా నటులు తమ పాత్రల్లోనే ఉండి నిజ జీవితంలో లాగా అడ్డుపడతారు. ప్రోగ్రాం ఎక్కడ ఫెయిలవుతోందో ఆ లైను దగ్గర ఆపి, ఒక విలువ మార్చి, మళ్ళీ రన్ చేసి చూసినట్టు.

ఈ పద్ధతి పుట్టడం వెనక ఒక కథ చెబుతారు. 1973లో పెరూలో బోల్ బృందం ప్రేక్షకుల సలహాలు అడిగి, వాటిని నటుల చేత ఆడించేది. ఒకామె తన సలహా ఎన్నిసార్లు ఆడి చూపించినా "అది కాదు నేను చెప్పింది" అంటూనే ఉంది. చివరికి ఆమెనే స్టేజీ మీదికి రమ్మన్నారు. అప్పుడే అందరికీ అర్థమైంది ఆమె ఏమంటోందో. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లో జన సంస్కృతి అనే సంస్థ 1985 నుంచి పల్లెల్లో ఇదే దారిలో పనిచేస్తోంది.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. నా స్నేహితురాలి కథని ఆమె చేతిలోంచి తీసుకుని, ముగింపు కూడా నేనే రాసేసినా.

రెండో నాటకం

పదో తరగతిలో మా సోషల్ మేడం ఇంకోసారి అవకాశం ఇచ్చారు. ఈసారి పది మందిమి కూర్చుని, క్లాసులో ఎవరికీ సంబంధం లేని కుటుంబాన్ని కల్పించాం. పట్టుపురుగులు పెంచే ఇల్లు, అప్పు, పెళ్ళి మాట. ఆపి మార్చే పద్ధతి మేడమే నేర్పించారు.

మొదట ఎవరూ అరవలేదు. తర్వాత ఏడో తరగతి పిల్లోడొకడు "ఆపు!" అని ఎక్కి, తమ్ముడి పాత్ర కావాలన్నాడు. "అక్కని నిలిపేస్తే నేనూ బడికి పోను" అన్నాడు. అందరూ నవ్వినారు. అప్పుడు వెనక నుంచి నా స్నేహితురాలు లేచింది. "అట్లంటే నాయన ఇద్దర్నీ కొడతాడు. ముందు అవ్వకి చెప్పాల. ఇంట్లో అవ్వ మాటే నడిచేది" అంది. వచ్చి అవ్వ ముందు కూర్చుని, హాస్టల్ ఖర్చు లెక్క నెమ్మదిగా వివరించింది. ఆ సీను మాలో ఎవరమూ రాయగలిగేది కాదు.

ఆ తర్వాత ఆమె జీవితంలో ఏం జరిగిందో ఇక్కడ రాయను. అది ఆమె చెప్పాల్సిన కథ.

నాటకం అయిపోయాక

ఇది ఒక్కరి ఇంటి సమస్య కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. దేశ సగటు 23.3. ఏ హాల్లో ఈ నాటకం వేసినా, చూసేవాళ్ళలో ఆ బాధ మోస్తున్నవాళ్ళు ఉండే అవకాశం ఉంది. నాటకం చూశాక ఎవరో ఒకరు వచ్చి చెప్పుకుంటారు. సాధారణంగా టీచరుకి కాదు, ఫ్రెండుకి. పీర్ సపోర్ట్ అంటే ఆ ఫ్రెండుని ముందుగా సిద్ధం చేయడమే.

ప్రభుత్వ కార్యక్రమాల్లో కూడా ఈ ఆలోచన ఉంది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో 'సాథియా' పేరుతో తోటి వయసువాళ్ళనే తయారు చేస్తారు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకి శిక్షణ ఇచ్చి, వాళ్ళకి తోడుగా విద్యార్థులను పెట్టాలన్నారు. ఇక ఎలా మాట్లాడాలన్న దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో మూడు మాటలున్నాయి: చూడు, విను, కలుపు. మనిషి ఎలా ఉన్నాడో చూడు. సలహాలివ్వకుండా విను. సాయం చేయగలిగినవాళ్ళతో కలుపు.

కుళాయి దగ్గర నేను విన్నా. కలపలేదు. ఆమెని అడిగి, ఇద్దరం కలిసి ఆ మేడం దగ్గరికి పోయుంటే సరిపోయేది.

మన క్లబ్ హైస్కూళ్ళకి వెళ్ళే ముందు

ఇవి నా అనుభవం నుంచి చెప్తున్నవి.

ఒకటి. ఎవరి సొంత కథా స్టేజీ మీదికి రాకూడదు. "పేరు మార్చినాం కదా" అంటే చాలదు. చిన్న బడిలో ఒక్క వివరం చాలు గుర్తుపట్టడానికి.

రెండు. ముగింపు మనం రాసుకుపోవద్దు. మనం ఇంజినీరింగ్ వాళ్ళం, పరిష్కారం చెప్పేయాలని నోరు ఆగదు. ఆ ఇంట్లో ఎవరి మాట నడుస్తుందో ఆ పిల్లలకే తెలుసు.

మూడు. పది నిమిషాలు నాటకమైతే, ఇరవై నిమిషాలు ఆపి మార్చడానికి, ఇంకో అరగంట ఊరికే కూర్చుని మాట్లాడటానికి ఉంచండి. బస్సు టైమైందని లేచి రావద్దు.

నాలుగు. పిల్లలు నమ్మే టీచరు ఒకరు ఆ రోజు అక్కడే ఉండేలా ముందే మాట్లాడుకోండి. మనం సాయంత్రానికి తిరుపతి వచ్చేస్తాం, వాళ్ళు అక్కడే ఉంటారు.

అయిదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. "నిన్ను అడగకుండా ఎవరికీ చెప్పను. కానీ నీకు ప్రమాదం అనిపిస్తే పెద్దవాళ్ళకి చెప్తా, ముందు నీకే చెప్పి" అనండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి రండి.

స్క్రిప్టు రాయడానికి నేను వస్తా. ఈసారి మాత్రం సగమే రాస్తా. మిగతా సగం ఆ పిల్లలు "ఆపు!" అన్న తర్వాత.